చిట్టెలుక పేగులో ఇన్‌ఫెక్షన్ నిలబెట్టడం: సిట్రోబ్యాక్టర్ నమూనాతో నా అనుభవం

మనుషులకు విరేచనాలు పట్టించే ఈ. కొలై రకాన్ని ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకకు నోటి ద్వారా ఇస్తే సాధారణంగా జబ్బు రాదు. కొన్నాళ్లు మలంలో కనిపిస్తుంది, సంఖ్య తగ్గుతూ పోతుంది, ఎలుక మాత్రం మామూలుగానే తింటూ తిరుగుతుంది. పేగు ఇన్‌ఫెక్షన్లకు జంతు నమూనా తయారు చేయబోయేవాళ్లకు మొదట తగిలే అడ్డంకి ఇదే. పేగులో ముందునుంచీ ఉన్న సూక్ష్మజీవులు ఆహారాన్నీ చోటునూ పంచుకుని ఉంటాయి, కొత్తగా వచ్చినదాన్ని స్థిరపడనివ్వవు. దీన్ని కాలనైజేషన్ రెసిస్టెన్స్ అంటారు. ఈ పని చేస్తున్నకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. నమూనా తయారీలో బ్యాక్టీరియాను పెంచడం తేలిక భాగం. ఎలుక పేగులో అప్పటికే ఏముందో కనిపెట్టుకుని, దాన్ని అన్ని బోనుల్లోనూ ఒకేలా ఉంచడమే అసలు శ్రమ.

ఈ చిక్కు కొత్తది కాదు. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసి చూపించాడు గానీ, దానితో ఏ జంతువులోనూ మనిషికి వచ్చే కలరా తెప్పించలేకపోయాడు. ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లకు, 1953లో, అదే కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ ముడుల మధ్య కలరా బ్యాక్టీరియాను ఎక్కించి, పేగు నీటితో ఉబ్బడం చూపించాడు. నోటినుంచి పంపాలన్న పట్టుదల వదిలేసి, పేగు కదలికకూ కడుపులోని ఆమ్లానికీ దొరకకుండా బ్యాక్టీరియాను నేరుగా చోటుకి చేర్చడమే అందులోని కిటుకు. 1954లో బోన్‌హాఫ్, డ్రేక్, మిల్లర్ ఇంకో దారి చూపారు. స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి ఎలుక పేగులోని సొంత సూక్ష్మజీవులను తగ్గిస్తే, చాలా కొద్ది సాల్మొనెల్లా కూడా స్థిరపడగలిగింది. ఇవాళ వాడే నమూనాలు చాలావరకు ఈ దారుల్లో ఏదో ఒకదాన్ని పట్టినవే.

కాబట్టి ఏ జంతువు అన్న ప్రశ్నకన్నా ముందు, ఏం కొలవాలి అన్నది తేల్చుకోవాలి. విషపదార్థం వల్ల పేగులోకి నీరు చేరడం చూడాలంటే కట్టిన పేగు, లేదా పుట్టి మూడు నుంచి ఐదు రోజులైన ఎలుక పిల్లలు. సాల్మొనెల్లా వల్ల వచ్చే పేగు వాపు చూడాలంటే, ఒక్కో ఎలుకకు 20 మిల్లీగ్రాముల స్ట్రెప్టోమైసిన్ నోటి ద్వారా ఇచ్చి, 24 గంటలాగి బ్యాక్టీరియా ఇచ్చే పద్ధతి. యాంటీబయాటిక్ ఇవ్వకపోతే అదే సాల్మొనెల్లా ఎలుకలో టైఫాయిడ్ లాంటి ఒళ్లంతా పాకే జబ్బు తెస్తుంది, అంధనాళంలో (పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో) వాపు అంతగా కనిపించదు. మా ప్రశ్న వేరు: బ్యాక్టీరియా పెద్దపేగు పైపొర కణాలకు ఎలా అతుక్కుంటుంది, ఆ పొర తనను తాను ఎలా బాగుచేసుకుంటుంది. దీనికి సిట్రోబ్యాక్టర్ రోడెన్షియం సరిగ్గా సరిపోతుంది. ఇది ఎలుకల్లో సహజంగా జబ్బు తెచ్చే బ్యాక్టీరియా. మనుషుల్లో విరేచనాలు తెచ్చే ఈపీఈసీ, ఈహెచ్ఈసీ రకాల ఈ. కొలైలో ఉన్న ఎల్ఈఈ అనే జన్యువుల గుంపే దీనిలోనూ ఉంది. అదే రకంగా కణానికి అతుక్కుని, దాని మీది సన్నని నూగును చెరిపేసి, కింద పీఠం లాంటి ఉబ్బు లేపుతుంది. యాంటీబయాటిక్‌తో పేగు ఖాళీ చేయాల్సిన పని లేదు. ఆ ఒక్క కారణం చాలు, నేను దీన్ని ఎంచుకోవడానికి: పేగు సహజ స్థితిలో ఉండగానే ఇన్‌ఫెక్షన్ మొదలై, ముదిరి, తగ్గడం మొత్తం చూడొచ్చు.

ఎలుకల విషయానికొస్తే, సీ57బీఎల్/6 జాతి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు, 18 నుంచి 22 గ్రాముల బరువున్న ఆడవి మంచి ఎంపిక. మగవి ఒకే బోనులో కొట్టుకుంటాయి. గాయాలు, ఒత్తిడి బరువు లెక్కను పాడుచేస్తాయి. ఈ జాతిలో జబ్బు వచ్చి దానంతటదే తగ్గిపోతుంది. సీ3హెచ్/హెచ్ఈజే జాతిలో అలా కాదు, చాలావరకు చనిపోతాయి. 2013లో ఈ తేడా ఆర్‌స్పాండిన్-2 అనే జన్యువు పని తీరుకు ముడిపడి ఉందని తేలింది. ప్రాణం తీసేది ప్రధానంగా నీరు, లవణాలు కోల్పోవడమే. చర్మం కింద సెలైన్ ఎక్కిస్తే వాటిలో చాలా బతుకుతాయి. మరణాన్ని కొలతగా పెట్టుకునే అవసరం లేని ప్రశ్నకు ఆ జాతిని వాడడం నాకు సమ్మతం కాదు.

వచ్చిన ఎలుకలను కనీసం ఏడు రోజులు కదిలించకుండా ఉంచాలి. ప్రయాణం వల్లే ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు, పేగు సూక్ష్మజీవులు రెండూ మారతాయి. ఈ వారంలో మేము తప్పనిసరిగా చేసే పని ఒకటుంది: రెండు మూడు రోజులకోసారి అన్ని బోనుల్లోంచి ఎలుకల కింద పరిచి వాడిన పొట్టును కొంత తీసి, కలిపి, మళ్లీ అన్నింటికీ పంచడం. ఎలుకలు ఒకదాని పెంటికలు మరొకటి తింటాయి కాబట్టి, ఇలా పంచితే పేగు సూక్ష్మజీవులు బోనుకు బోనుకు మధ్య దగ్గరవుతాయి. జన్యువు తీసేసిన ఎలుకలను మామూలు వాటితో పోల్చేటప్పుడు ఇది కూడా చాలదు. ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువులనే పోల్చాలి. వేర్వేరు గదుల్లో పెరిగిన రెండు గుంపులను పోలిస్తే వచ్చే తేడా జన్యువుదో, గదిదో ఎవరూ చెప్పలేరు.

ఇది ఊహ కాదు. సెగ్మెంటెడ్ ఫిలమెంటస్ బ్యాక్టీరియా అనే ఒకే ఒక్క రకం ఎలుక పేగులో ఉందా లేదా అన్నదాన్ని బట్టి సిట్రోబ్యాక్టర్‌ను తట్టుకునే శక్తి మారుతుందని 2009లో ఇవానోవ్ బృందం చూపించింది. ఒక సరఫరాదారు ఎలుకల్లో అది ఉంటుంది, ఇంకొకరి వాటిలో ఉండదు. జాతి పేరు రెండింటికీ ఒకటే. 2011లో వచ్చిన పనుల్లో, తట్టుకునే ఎలుకల పేగు సూక్ష్మజీవులను తట్టుకోలేని జాతికి మార్పిడి చేస్తే మరణాలు ఆలస్యమయ్యాయి. మేత కూడా అంతే. పీచు తీసేసిన మేత పెడితే, పేగు బ్యాక్టీరియా ఆకలికి జిగురుపొరను తినేస్తాయి, సిట్రోబ్యాక్టర్ కణాల దాకా తేలిగ్గా చేరుతుంది. 2016లో దేశాయ్ బృందం దీన్ని స్పష్టంగా చూపించింది. అందుకే మేత బ్యాచ్ నంబరు, పొట్టు రకం, నీటిలో ఆమ్లం కలుపుతున్నారా లేదా, ఇవన్నీ నోటు పుస్తకంలో ఎలుక బరువు పక్కనే రాసుకోవాలి.

బ్యాక్టీరియా విషయంలో, నాలిడిక్సిక్ ఆమ్లం అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే ఐసీసీ169 రకం గానీ, కాంతి వెలువరిస్తూ కనామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే ఐసీసీ180 రకం గానీ వాడితే మలంలో లెక్కపెట్టడం సులువు. ఆ మందు కలిపిన ప్లేటు (పోషక జెల్లీ పోసిన పళ్లెం) మీద పేగులోని మిగతా బ్యాక్టీరియా చాలావరకు పెరగవు. సీసా అందిన రోజే 20 శాతం గ్లిసరాల్‌లో చిన్న చిన్న గొట్టాలు చేసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. ప్రతి ప్రయోగానికీ కొత్త గొట్టం నుంచే ప్లేటు గీయాలి. పాత ప్లేటు నుంచి కొత్త ప్లేటుకు, దాన్నుంచి ఇంకోదానికి మార్చుకుంటూ పోతే, పోషకాలు పుష్కలంగా ఉన్న చోట అక్కడ అక్కర్లేని అతుక్కునే సామగ్రిని పోగొట్టుకున్న, మార్పుచెందిన కణాలు నెమ్మదిగా పైచేయి సాధించే ప్రమాదం ఉంది. అవి ప్లేటు మీద మామూలుగానే కనిపిస్తాయి, పేగులోనే తేడా బయటపడుతుంది.

ప్లేటు మీద ఒకే కణం నుంచి పెరిగిన చుక్కను, అంటే ఒక్క కాలనీని తీసి, 50 మైక్రోగ్రాములు/మిల్లీలీటరు నాలిడిక్సిక్ ఆమ్లం కలిపిన 15 మిల్లీలీటర్ల ఎల్‌బీ అనే పోషక ద్రవంలో, 37 డిగ్రీల దగ్గర, నిమిషానికి 200 చుట్లు తిప్పుతూ రాత్రంతా పెంచాలి. పొద్దున 3,000 జీ వద్ద పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైనున్న ద్రవాన్ని పారబోసి, కింద చేరిన ముద్దను 1.5 మిల్లీలీటర్ల పీబీఎస్‌లో (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణంలో) కలపాలి. ఇందులో 200 మైక్రోలీటర్లు ఒక ఎలుకకు డోసు. అందులో సుమారు 2 నుంచి 5 × 10⁹ బతికున్న బ్యాక్టీరియా ఉంటాయి. స్పెక్ట్రోఫోటోమీటరు చూపే మసకదనాన్ని నమ్మి డోసు రాసేయకూడదు, చచ్చిన కణాలు కూడా కాంతిని అడ్డుకుంటాయి. డోసు ఇవ్వడానికి ముందు కొంత, ఆఖరి ఎలుక అయ్యాక కొంత, పదింతల చొప్పున పలుచన చేసి ప్లేట్ల మీద పోయాలి. రెండు లెక్కలూ దగ్గరగా ఉంటేనే మొదటి ఎలుకకూ చివరి ఎలుకకూ ఒకే డోసు అందినట్టు. బ్యాక్టీరియా గొట్టం అడుగుకు దిగిపోతుంది కాబట్టి ప్రతి ఎలుకకూ ముందు దాన్ని మెల్లగా తలకిందులు చేయాలి. చాలా చోట్ల ఎడాపెడా ఫలితాలకు ఇదొక్కటే కారణం.

నోటి ద్వారా గొట్టంతో ఇవ్వడాన్ని గావేజ్ అంటారు. చేతి నేర్పు అవసరమయ్యే ఘట్టం ఇదే. కొనన గుండ్రటి బుడిపె ఉన్న, 20 గేజ్, 38 మిల్లీమీటర్ల స్టీలు సూది కావాలి. ముందుగా సూదిని ఎలుక పక్కన పెట్టి, ముట్టె నుంచి ఆఖరి పక్కటెముక దాకా ఎంత పొడవో చూసుకోవాలి. మెడ వెనక చర్మాన్ని తగినంత గట్టిగా పట్టుకోవాలి. తల పక్కకు తిరగకూడదు, అలాగని ఊపిరి ఆగకూడదు. తలను కొద్దిగా వెనక్కి వంచితే నోరు, అన్నవాహిక ఒకే గీతలోకి వస్తాయి. సూది నోటి పక్కనుంచి అంగిలి వెంట జారి తన బరువుతోనే దిగాలి. ఎక్కడైనా అడ్డు తగిలితే నెట్టకూడదు, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. ద్రవం వదిలేటప్పుడు ముక్కులోంచి బుడగలు వస్తే అది ఊపిరితిత్తుల దారి పట్టినట్టే. వెంటనే ఆపి, పశువైద్యుణ్ని పిలవాలి. 20 గ్రాముల ఎలుకకు 200 మైక్రోలీటర్లు మించితే వెనక్కి పొంగుతుంది. డోసు ఇచ్చాక 24 గంటల్లోపు ఎలుక చనిపోతే దాన్ని ఇన్‌ఫెక్షన్ ఖాతాలో వేయడం అన్యాయం. సిట్రోబ్యాక్టర్ ఒక్క రోజులో చంపదు. శవపరీక్షలో అన్నవాహికకు చిల్లో, ఊపిరితిత్తుల్లో ద్రవమో కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు ముందు మృత జంతువుల మీద, ఆ తర్వాత రంగు నీళ్లతో నేర్చుకున్నాకే ప్రయోగంలోకి రావాలని మేము గట్టిగా పట్టుబడతాం.

పీబీఎస్ మాత్రమే ఇచ్చే గుంపుకు ఎప్పుడూ ముందు పని చేయాలి. గ్లవ్స్, తూకం, బల్ల అన్నీ ఆ క్రమంలోనే సాగాలి. ఇన్‌ఫెక్షన్ ఉన్న బోను తెరిచాక తిరిగి పీబీఎస్ బోను ముట్టుకోకూడదు. ఈ బ్యాక్టీరియా పెంటికల ద్వారా చాలా తేలిగ్గా పాకుతుంది. ఎలుక పేగులోంచి అప్పుడే బయటపడిన బ్యాక్టీరియా, ద్రవంలో పెంచిన దానికన్నా ఎంతో తక్కువ సంఖ్యలో కూడా అంటుకోగలదని 2005లోనే తేలింది.

మలం లెక్క ఇలా. ఎలుకను శుభ్రమైన ఖాళీ డబ్బాలో కొద్ది నిమిషాలు ఉంచితే రెండు మూడు పెంటికలు వేస్తుంది. బోను అడుగు నుంచి ఏరితే ఏది ఏ ఎలుకదో తెలియదు, ఎండిపోయి బరువు కూడా తప్పుతుంది. 100 మిల్లీగ్రాములకు ఒక మిల్లీలీటరు చొప్పున పీబీఎస్ పోసి, పూర్తిగా విడిపోయేదాకా కదిలించి, పలుచన చేసి, ఒక్కో ప్లేటు మీద 100 మైక్రోలీటర్లు పరచాలి. 30 నుంచి 300 కాలనీలున్న ప్లేటునే లెక్కపెట్టాలి. పలుచన చేయని ద్రవంలో ఒక్క కాలనీ వచ్చినా గ్రాముకు సుమారు 100 అని అర్థం. అంతకన్నా తక్కువను ఈ పద్ధతి చూడలేదు, కాబట్టి ఖాళీ ప్లేటును సున్నా అని రాయకుండా 100కన్నా తక్కువ అని రాయాలి. ఇంకొకటి, డోసుకు ముందు రోజు మలాన్ని కూడా అదే నాలిడిక్సిక్ ప్లేటు మీద పోసి చూడాలి. ఎంటరోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా ఆ మందును పుట్టుకతోనే తట్టుకుంటాయి, ఎల్‌బీ మీద హాయిగా పెరుగుతాయి. మెకాంకీ అగర్ వాడితే అవి ఆగిపోతాయి. దాని మీద సిట్రోబ్యాక్టర్ గులాబి నడుమ, తెల్లని అంచుతో గుర్తుపట్టేలా వస్తుంది.

అంతా కుదిరితే బ్యాక్టీరియా మొదట అంధనాళంలో లింఫ్ కణజాలం ఉన్న చిన్న మచ్చ దగ్గర చేరి, రెండు మూడు రోజుల్లో పెద్దపేగు చివరి భాగానికి దిగుతుంది. ఐసీసీ180 వాడినవాళ్లు ఈ ప్రయాణాన్ని బతికున్న ఎలుకలోనే కెమెరాతో చూడొచ్చు. నాలుగో రోజుకు గ్రాము మలంలో 10⁶ దాటుతుంది. ఏడు నుంచి పది రోజుల మధ్య 10⁸ నుంచి 10⁹కి చేరి నిలబడుతుంది. రెండో వారం చివర్లో తగ్గడం మొదలై, మూడు నాలుగు వారాల్లో మాయమవుతుంది. సీ57బీఎల్/6లో నీళ్ల విరేచనాలు ఆశించొద్దు. పెంటికలు మెత్తబడతాయి, బరువు కొద్దిగానే తగ్గుతుంది లేదా పెరగడం ఆగుతుంది. బరువు ఒక్కదాన్నే చూసి ఇన్‌ఫెక్షన్ పట్టలేదని తేల్చేవాళ్లు తొందరపడినట్టే. మలంలో లిపోకాలిన్-2 ప్రోటీన్ కొలిస్తే, ఎలుకను చంపకుండానే వాపు స్థాయి రోజు రోజుకూ తెలుస్తుంది.

నాలుగో రోజు ఒకే బోనులో కొన్నింటికి 10⁶ పైన ఉండి, ఒకదానికి 10³ ఉంటే ఆ ఎలుకకు డోసు సరిగా పడలేదని మొదట అనుమానించాలి. రెండు రోజులాగితే పక్కవాటి పెంటికలు తిని అది కూడా అందుకుంటుంది, కానీ దాని గడియారం వెనకబడి ఉంటుంది. అలాంటి దాన్ని తొలగించే నియమం ప్రయోగానికి ముందే రాసిపెట్టుకోవాలి, ఫలితం చూశాక కాదు. బోను మొత్తం తక్కువగా ఉంటే సమస్య డోసుది కాదు, పేగుది. ఆ బోను ఎక్కడినుంచి వచ్చింది, ఎవరైనా మేతలోనో నీటిలోనో మందు కలిపారా అని వెతకాలి. అన్ని బోనుల్లోనూ తక్కువగా ఉంటే గొట్టంలోని బ్యాక్టీరియాకే తిరిగి రావాలి. ఈ మూడు రకాల వైఫల్యాలనూ విడివిడిగా గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్టే.

కణజాలం తీసే రోజు తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. పేగు పొర నిమిషాల్లో చెడిపోవడం మొదలవుతుంది. పెద్దపేగు పొడవు, బరువు కొలిచి, చివరి అర సెంటీమీటరును పది శాతం ఫార్మలిన్‌లో 24 గంటలుంచి, తర్వాత 70 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. ఫార్మలిన్‌లోనే వారాలపాటు వదిలేస్తే తర్వాత యాంటీబాడీలు అతుక్కోవు. ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తు క్రిప్ట్‌లు, అంటే పేగు గోడలోని గుంటలు, లోతెక్కడం. పైన కణాలు రాలిపోతుంటే కింద కొత్తవి వేగంగా పుట్టడం వల్ల అవి సాగుతాయి. ఆరోగ్యమైన పేగులో 100 నుంచి 200 మైక్రోమీటర్లుండేవి, పదో రోజు తర్వాత 300 దాకా పోవచ్చు. అయితే ముక్కను ఏటవాలుగా కోస్తే మామూలు క్రిప్ట్ కూడా పొట్టిగానో, తలా అడుగూ లేకుండానో కనిపిస్తుంది. పైన నోరు, కింద అడుగు రెండూ కనిపించే, నిలువుగా తెగిన క్రిప్ట్‌లను మాత్రమే, ఒక్కో ఎలుకకు కనీసం ఇరవై కొలవాలి. కొలిచేవాళ్లకు స్లైడు ఏ గుంపుదో తెలియకూడదు.

లెక్కల్లో ఎక్కువ మంది జారేది బోను దగ్గరే. ఐదు ఎలుకలు ఒకే బోనులో ఉండి, ఒకదాని మలం ఒకటి తింటున్నప్పుడు అవి ఐదు స్వతంత్ర సాక్ష్యాలు కావు. చికిత్స ఇచ్చిన గుంపంతా ఒక బోనులో, ఇవ్వని గుంపంతా మరో బోనులో పెడితే, నిజానికి ఒకటికి ఒకటి పోల్చినట్టే. ప్రతి గుంపునూ కనీసం మూడు నాలుగు బోనులకు పంచి, విశ్లేషణలో బోనును ఒక అంశంగా చేర్చాలి. ప్రయోగాన్ని వేరే వారం, వేరే బ్యాచ్ ఎలుకలతో తిరిగి చేయాలి. మలంలోని సంఖ్యలను లాగరిథమ్‌లోకి మార్చాకే పోల్చాలి. మార్చకుండా సగటు తీస్తే 10⁹ ఒక్కటీ మిగతా అన్నింటినీ మింగేస్తుంది.

జంతు నైతిక కమిటీకి ఇచ్చే దరఖాస్తును నేను లాంఛనంగా చూడను. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, ఎప్పుడు ఆపుతాం అన్న ప్రశ్నలకు జవాబు రాయలేకపోతే ప్రయోగ నిర్మాణమే సరిగా లేదన్నమాట. రోజూ ఒకే సమయంలో తూకం వేయాలి. మొదటి బరువులో 20 శాతం తగ్గినా, బొచ్చు రేగి వీపు గూనిలా వంచి కదలకుండా కూర్చున్నా, ఆ ఎలుకను బాధ లేకుండా వెంటనే ముగించాలి. 15 శాతం దగ్గరే రోజుకు రెండుసార్లు చూడడం మొదలుపెట్టాలి. తడి మేతను బోను అడుగున పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నీరసించిన ఎలుక పైకి లేచి మేత అందుకోలేదు.

నమూనా సిద్ధమైందని ఎప్పుడు అనాలి? మామూలు బ్యాక్టీరియా పేగులో నిలబడితే చాలదని నా గట్టి అభిప్రాయం. 1988లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త స్టాన్లీ ఫాల్కో, ఒక జబ్బుకు ఒక క్రిమే కారణమని నిరూపించే కాక్ సూత్రాలను జన్యువులకు వర్తింపజేసి చెప్పిన కొలమానం ఇక్కడ బాగా పనికొస్తుంది. అతుక్కోవడానికి తప్పనిసరైన టిర్ జన్యువును తీసేసిన రకాన్ని అదే డోసులో, అదే బ్యాచ్ ఎలుకలకు ఇవ్వాలి. అది నిలబడకూడదు, క్రిప్ట్‌లు సాగకూడదు. ఆ జన్యువును తిరిగి పెట్టిన రకం మళ్లీ నిలబడాలి. తిరిగి పెట్టేటప్పుడు ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు బయట ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద కాక క్రోమోజోమ్‌లోనే పెట్టడం మేలు. పేగులో ఆ ప్లాస్మిడ్‌ను నిలిపి ఉంచే యాంటీబయాటిక్ ఉండదు, కొద్ది రోజుల్లోనే చాలా కణాలు దాన్ని వదిలేస్తాయి, అప్పుడు జన్యువు పని చేయలేదని తప్పుడు నిర్ధారణకు వస్తాం. ప్లాస్మిడ్ తప్పకపోతే ప్రతి మలం నమూనానూ మందు ఉన్న ప్లేటు మీదా, లేని ప్లేటు మీదా పక్కపక్కనే పోసి, ఎంత శాతం నిలుపుకుందో రోజువారీగా రాయాలి. ఈ మూడు గుంపులూ, పీబీఎస్ గుంపూ ఒకే ప్రయోగంలో అనుకున్నట్టు నడిచాకే కొత్త మందునో, కొత్త మేతనో అందులో పరీక్షించడం మొదలుపెడతాం. ఎలుకల సరఫరా మారినా, గది మారినా ఈ నాలుగు గుంపులనూ మళ్లీ నడుపుతాం.